ఉప్పుగాలికి గరగరలాడిన జాజ్ బేస్

యౌవనం నుండి నన్ను విడవని, 1970ల నాటి ఫెండర్ జాజ్ బేస్ గిటార్ విశాఖపట్నంలో, పెదవాల్తేరు ఉప్పుగాలికి గరగరలాడుతూ ఉండుండి మూగబోయేది. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు మార్చమన్నారు కొందరు. అవి మారిస్తే ఆ నాదమే పోతుంది. వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడే గరగర వినిపిస్తున్నందున, దోషం ఆ నాబ్ కింద ఉండి ధ్వనిని హెచ్చుతగ్గులు చేసే పొటెన్షియోమీటర్‌లోనే ఉందని నిశ్చయించుకొని, కంట్రోల్ ప్లేటు విప్పి, ఆ పొటెన్షియోమీటర్ సందులోకి, విద్యుత్ స్పర్శ భాగాలను శుభ్రపరిచే కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా చిమ్మి, నాబ్‌ను ఈ కొస నుండి ఆ కొసకు పలుమార్లు తిప్పాను. పూర్తిగా ఆరిపోయే రకం క్లీనర్ లోపలి గ్రీజును సైతం కడిగివేస్తుంది కనుక, కాస్త జిడ్డు మిగిల్చేదే తీసుకోవాలి. గరగర ఆగింది. మూగబోవడానికి కారణం మాత్రం కేబుల్ గుచ్చే జాక్‌కు పట్టిన చిలుము. దానిని గీకి, వదులైన ఎర్త్ తీగకు మళ్ళీ సోల్డరింగ్ చేశాను. ఇప్పుడు గిటార్ పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు ఉంచుతున్నాను.