గేదె కడుపులోని బ్యాక్టీరియా కోసం గడ్డి ఊరేయడం ఎలా

దాళ్వా కోతలయ్యాక మా కోనసీమలో ఎవరి దొడ్లో చూసినా గడ్డిమేటు ఉంటుంది, గేదె మాత్రం రాత్రంతా ఆ గడ్డే నమిలి పొద్దున పాలు అంతంతమాత్రంగా ఇస్తుంది. వరిగడ్డిలోని పీచును అరిగించే రసం అసలు గేదె ఒంట్లో ఊరదు. ఆ పని చేసేది దాని నాలుగు పొట్టల్లో మొదటిదైన పెద్దపొట్టలో కాపురముండే బ్యాక్టీరియా, ఇంకొన్ని సూక్ష్మజీవులు. గేదె వాటికి 39 డిగ్రీల వెచ్చటి చోటు, నమిలిన మేత ఇస్తుంది. అవి పీచును పులియబెట్టి ఆమ్లాలు చేస్తే గేదెకి కావలసిన శక్తి ఎక్కువగా వాటి నుంచే వస్తుంది. ఆఖరికి ఆ బ్యాక్టీరియా కూడా నాలుగో పొట్టలోకి జారి, అరిగి, మాంసకృత్తులుగా గేదెకే పడుతుంది. ఇంత చాకిరీ చేసేవాటికి ఎండుగడ్డిలో దొరికే నత్రజని చాలదు. ఆ లోటు యూరియాతో తీర్చొచ్చు, పైగా గడ్డి కూడా మెత్తబడుతుంది.

లెక్క ఇది: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. 45 కిలోల బస్తా 11 క్వింటాళ్లకి వస్తుంది. పలుకు మిగలకుండా కరిగించండి. మెరక మీద బరకం పరిచి 20 కిలోల గడ్డి వేసి, మొక్కలకి నీళ్లు పోసే డబ్బాతో 10 లీటర్లు చల్లి, కాళ్లతో గట్టిగా తొక్కండి, లోపల గాలి ఉండకూడదు. అలా ఐదు వరసలు. పైన ఇంకో బరకం కప్పి అంచుల మీద మట్టి వేసేయండి, 21 రోజులు దాని జోలికి పోవద్దు. నేను మొదటిసారి ఆత్రం ఆగక పదో రోజే ఓ మూల ఎత్తి చూసి, సరిగా మూయకుండా వచ్చేశాను, ఆ రాత్రే వాన. సగం బూజు పట్టి పెంటపోగు పాలైంది.

ఒకవైపు నుంచే తీసుకుని మళ్లీ మూయండి. తీసిన గడ్డిని గంటసేపు గాలికి పరవాలి, లేకపోతే ఆ ఘాటుకి మన కళ్లే మండుతాయి, గేదె మూతి తిప్పుకోవడంలో తప్పేముంది? మొదట మామూలు గడ్డిలో గుప్పెడు కలిపి, వారం పది రోజుల్లో పెంచండి. మేత మారితే లోపలున్న బ్యాక్టీరియా కూడా మారాలి, దానికి టైం పడుతుంది. పెళ్లిలో మిగిలిన అన్నం తొట్టిలో గుమ్మరిస్తే గేదె పడిపోయేది కూడా ఇందుకే: పిండిపదార్థం మీద బతికే రకం ఒక్కసారిగా విజృంభించి, పొట్టంతా పులుపెక్కి, పీచు అరిగించేవి చచ్చిపోతాయి.

ఆరు నెలల్లోపు దూడలకి ఈ గడ్డి వద్దు, వాటి పెద్దపొట్ట ఇంకా కుదురుకోదు. యూరియాని కుడితిలో కలపడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, గంటల్లో పశువు పోతుంది.

రోజూ సాయంత్రం మేత తిన్నాక ఎడమ డొక్క గుంటలో పిడికిలి ఆనించి చూడండి. లోపల్నుంచి ఎవరో నెట్టినట్టు నిమిషానికి ఒకటి రెండుసార్లు చెయ్యి పైకి లేవాలి. రెండు మూడు నిమిషాలు ఉంచినా కదలిక తెలియక, నెమరు కూడా ఆగిపోతే, దాణా ఆపేసి వెంటనే పశువుల డాక్టర్‌కి ఫోన్ చేయండి.