మిల్డ్యూరాకి కొత్తగా వచ్చారా? ముందు మ్యాలీ సంగతి తెలుసుకోండి

ఇల్లు ఎక్కడ అద్దెకు దొరుకుతుంది, ఇండియన్ సరుకుల కొట్టు ఎక్కడుంది, సెకండ్ హ్యాండ్ కారు ఎవరి దగ్గర కొనాలి... ఇవన్నీ చెప్పేవాళ్ళు వచ్చిన వారంలోనే దొరుకుతారు. మీరు దిగిన ఈ చోటు, ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు వాయవ్య మూల, అసలు ఎలాంటిదో చెప్పేవాళ్ళే తక్కువ. నేను వచ్చిన కొత్తలో మా నాన్న ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు, "మీది ఏ పార్లమెంటు నియోజకవర్గంరా?" అని. "మ్యాలీ" అన్నాను. "మళ్ళీ ఏమిటి, ముందు ఒకసారైనా చెప్పు" అన్నారు.

మ్యాలీ అంటే ఒక చెట్టు. యూకలిప్టస్ జాతిదే కానీ మన జామాయిల్‌లా ఒకే మానుగా నిటారుగా పెరగదు. నేలలో ఉండే లావుపాటి దుంప నుంచి నాలుగైదు కాండాలు పొదలా లేస్తాయి. పైన నరికినా, నిప్పు పెట్టినా దుంప నుంచి మళ్ళీ మొలుస్తుంది. ఆ లెక్కన మా నాన్న పలికిందే సరిపోయింది. ఈ మాట ఇక్కడి ఆదివాసుల భాషలోంచి వచ్చింది. ఈ చెట్లున్న ఎండు నేలకీ, 1949లో ఏర్పడిన ఫెడరల్ (అంటే దేశ పార్లమెంటు) నియోజకవర్గానికీ అదే పేరు.

విస్తీర్ణంలో విక్టోరియా రాష్ట్రంలో మూడో వంతు పైన ఇదొక్కటే ఉంటుంది. 80 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. తెలంగాణ మొత్తం లక్షా 12 వేలు, అక్కడ ఎంపీలు 17 మంది. ఇక్కడ ఒక్కరే. ఓటర్లు మాత్రం లక్ష పైచిలుకే. మన దగ్గర ఒక్కో లోక్‌సభ సీటులో సగటున 15 లక్షలకు పైనే ఓటర్లు ఉంటారు కాబట్టి ఎంపీ అంటే కారు అద్దంలోంచి చెయ్యి ఊపే మనిషి. ఇక్కడ అలా కాదు. మీ వీసా ఫైలు ఎక్కడో ఆగిపోతే ఎంపీ ఆఫీసుకి ఉత్తరం రాయొచ్చు, మీకు ఓటు లేకపోయినా సరే. ఆ విషయానికి కింద వస్తాను.

ఉత్తరాన ముర్రే నది ఒడ్డున మిల్డ్యూరా, నది వెంట ఎగువకి రాబిన్‌వేల్, స్వాన్ హిల్, ఆపైన కెరాంగ్. నడుమ విమెరా గోధుమ మైదానంలో హార్షమ్, వారక్‌నబీల్, నిల్, డింబూలా. దక్షిణాన పాత బంగారు గనుల ఊళ్ళు స్టావెల్, మేరీబరో. హార్షమ్‌లో ఉద్యోగం వచ్చినవాళ్ళు, మిల్డ్యూరాలో బంధువులున్నారు కదా, ఒకే నియోజకవర్గం కదా, పక్కనే అనుకుంటారు. మధ్యలో 300 కిలోమీటర్లకు పైగా ఉంది. దారిపొడవునా చేలు, ధాన్యం గోదాములు, అప్పుడప్పుడూ ఒక పబ్బు. పొద్దు వాలాక కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి, ఆ వేళకి ఇల్లు చేరేలా బయల్దేరండి. మిల్డ్యూరాకి మెల్‌బోర్న్ నుంచి ప్రయాణికుల రైలు ఉండేది, 1993లో ఆపేశారు. ఆ రైలు ఊసెత్తితే పక్కింటి పెద్దాయన అరగంట వదలరు. ఓపికగా వినండి, స్నేహం అక్కడే మొదలవుతుంది.

నీళ్ళ కథ

ఈ ప్రాంతాన్ని అర్థం చేసుకోవడానికి ఒకే ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే అది నీళ్ళు. మిల్డ్యూరాలో ఏడాదికి పడే వాన దాదాపు 300 మిల్లీమీటర్లు. అనంతపురం వాళ్ళకి కూడా ఇది తక్కువే. మరి ఈ ద్రాక్షతోటలు ఎక్కడివి?

1880ల్లో విక్టోరియాలో పెద్ద కరవు వచ్చింది. అప్పటి మంత్రి ఆల్‌ఫ్రెడ్ డీకిన్ కాలిఫోర్నియా వెళ్ళి, అక్కడ నీటిపారుదల కాలనీలు కట్టిన ఛాఫీ అన్నదమ్ములు జార్జ్, విలియమ్‌లను చూసి వచ్చాడు. వాళ్ళు 1887లో మిల్డ్యూరా మొదలుపెట్టారు. ఈ డీకినే తర్వాత దేశ ప్రధాని అయ్యాడు. ఆయన 1890 చివర్లో మన దేశం కూడా వచ్చి అక్కడి కాలవల వ్యవస్థ చూసి, తిరిగొచ్చి దాని మీద పుస్తకం రాశాడు. గోదావరి జిల్లాల వాళ్ళకి ఇక్కడ ఒక తేడా వెంటనే తెలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కడితే నీళ్ళు వాటంతట అవే డెల్టాకి పారతాయి. ఇక్కడ నది కింద, పొలం మీద. అందుకే ఛాఫీలు ఆవిరి పంపులు పెట్టి నీటిని ఎత్తిపోశారు. ఖర్చు తడిసి మోపెడైంది, 1890ల మాంద్యంలో కంపెనీ దివాలా తీసింది. జార్జ్ అమెరికా వెళ్ళిపోయాడు, విలియమ్ ఇక్కడే ఉండిపోయాడు. ఊరి మధ్యలో వెడల్పాటి రోడ్డు డీకిన్ అవెన్యూ, దానికి అడ్డంగా పోయే వీధులకి పేర్లు లేకుండా ఏడో వీధి, పదిహేనో వీధి అని అంకెలుండటం, అదంతా ఆ కాలిఫోర్నియా ప్లానే. కొత్తవాళ్ళకి అడ్రసు వెతకడం సుఖం.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ప్రభుత్వం భూములిచ్చి రెడ్ క్లిఫ్స్‌ని కట్టించింది. మ్యాలీ దుంపలు పెకలించడానికి వాడిన భారీ యంత్రం, బిగ్ లిజ్జీ అంటారు, ఇప్పటికీ ఆ ఊళ్ళో నిలబెట్టి ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. రాబిన్‌వేల్ కూడా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైనికుల కోసం విస్తరించిన ఊరే. విమెరా వైపు కథ వేరు. అక్కడ వందేళ్ళకు పైగా తెరిచి ఉన్న మట్టి కాలవల్లో నీళ్ళు పారించారు, దాదాపు 17 వేల కిలోమీటర్ల కాలవలు! సగానికి పైగా నీరు ఇంకిపోవడానికో ఆవిరి కావడానికో. 2010 నాటికి వాటి బదులు దాదాపు 9 వేల కిలోమీటర్ల పైపులు వేశారు. అప్పటి ఎంపీ జాన్ ఫారెస్ట్ వృత్తిరీత్యా సివిల్ ఇంజినీరు, ఈ పైపుల కోసం ఏళ్ళ తరబడి వెంటపడ్డాడు.

ఇప్పుడు మీ ఆఫీసులో, తోటలో, బార్బెక్యూ దగ్గర "బైబ్యాక్" అనే మాట వినిపిస్తే అది షేర్ మార్కెట్ సంగతి కాదు. నది ఆరోగ్యం కోసం కేంద్రం రైతుల నీటి హక్కులు కొనడం. 2012లో ముర్రే-డార్లింగ్ బేసిన్ ప్లాన్ రాకముందు నుంచే ఈ గొడవ నడుస్తోంది. కృష్ణా జలాల మీద మన రెండు రాష్ట్రాలు పోట్లాడుకున్నట్టే ఇక్కడ రాష్ట్రాలు, రైతులు, నది. వచ్చిన మొదటి ఏడాది దీని మీద అభిప్రాయం చెప్పకుండా ఉంటే మంచిది. నేను చెప్పాను, రెండు వారాలు టీ టైంలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఓటు ఎవరిది, సీటు ఎవరిది

1949కి ముందు ఈ నేలలో చాలా భాగం విమెరా అనే సీటులో ఉండేది. అక్కడ 1937లో అలెక్స్ విల్సన్ అనే గోధుమ రైతు, అల్టిమా అనే చిన్న ఊరి మనిషి, ఇండిపెండెంట్‌గా గెలిచాడు. 1941 అక్టోబరులో ఆయనా, ఆర్థర్ కోల్స్ అనే ఇంకో ఇండిపెండెంటూ బడ్జెట్‌కి వ్యతిరేకంగా ఓటు వేసేసరికి ప్రధాని ఫాడెన్ ప్రభుత్వం పడిపోయి కర్టిన్ ప్రధాని అయ్యాడు. యుద్ధం మధ్యలో దేశ ప్రభుత్వాన్ని మార్చింది ఈ ఎండు నేల రైతు అని ఇక్కడ చాలామందికే తెలీదు.

1949లో పార్లమెంటు సీట్లు పెంచినప్పుడు మ్యాలీ పుట్టింది. విమెరా సీటు 1977లో రద్దయింది. మ్యాలీకి అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎంపీలు ఐదుగురే: విన్‌టన్ టర్న్‌బుల్, పీటర్ ఫిషర్, జాన్ ఫారెస్ట్, ఆండ్రూ బ్రాడ్, 2019 నుంచి ఆన్ వెబ్‌స్టర్. 2025లోనూ ఆవిడే గెలిచారు. అందరిదీ ఒకటే పార్టీ. ఒకప్పుడు కంట్రీ పార్టీ అనే రైతుల పార్టీ, ఇప్పుడు నేషనల్స్. అంటే కుప్పంలా అన్నమాట, మనిషి మారినా జెండా మారలేదు. దీనివల్ల ఎన్నికలప్పుడు పెద్ద నాయకులు ఇటు పెద్దగా రారు. రాష్ట్ర అసెంబ్లీకి మాత్రం ఇదే మిల్డ్యూరా ఇద్దరు ఇండిపెండెంట్లని పంపింది, రసెల్ సావేజ్‌ని 1996లో, ఆలీ కప్పర్‌ని 2018లో. కాబట్టి ఇక్కడి జనం కళ్ళు మూసుకుని ఓటేస్తారనుకోకండి.

హద్దులు గీసే పద్ధతి ఒకటి తెలిస్తే మీ స్థానం ఏమిటో తెలుస్తుంది. ఒక రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది జనాభాని బట్టి. అందులో వీసా మీద ఉన్నవాళ్ళూ లెక్కే. ఆ రాష్ట్రం లోపల ఒక్కో సీటు గీత గీసేటప్పుడు మాత్రం నమోదైన ఓటర్లనే లెక్కపెడతారు, సగటుకి పది శాతం అటూఇటూ దాటకూడదు. మెల్‌బోర్న్ ఉబ్బుతుంటే, ఇక్కడ ఓటర్లు అంతగా పెరగకపోతే, మ్యాలీ గీత దక్షిణానికి పాకాల్సిందే. మేరీబరో దాకా వచ్చింది అలాగే. అంటే పౌరసత్వం లేకపోయినా ఇక్కడ ఉంటున్నవాళ్ళుగా మీరు విక్టోరియా సీట్ల లెక్కలోకి వస్తారు, మ్యాలీ లెక్కలోకి రావాలంటే పౌరసత్వం తీసుకుని ఓటరుగా నమోదు కావాలి.

ఎవరెవరున్నారు

నది పక్కన లట్జి లట్జి, హార్షమ్ వైపు వొట్జోబలుక్ ఆదివాసులది ఈ నేల. 2005లో వొట్జోబలుక్ వాళ్ళ భూమి హక్కుని కోర్టు గుర్తించింది. దేశపు ఆగ్నేయ ప్రాంతంలో అలా గుర్తించడం అదే మొదటిసారి. స్కూలు మీటింగ్ మొదట్లో నేల అసలు యజమానులకి నమస్కారం చెబుతారు, ఆ క్షణంలో ఫోను చూడకండి. తర్వాత వచ్చినవాళ్ళలో ఇటాలియన్లు, గ్రీకులు, తుర్కులు మిల్డ్యూరా తోటల్లో పాతుకుపోయారు. రాబిన్‌వేల్‌లో టోంగా, వియత్నాం కుటుంబాలు చాలా ఉన్నాయి. నిల్ అనే చిన్న ఊళ్ళో బర్మా నుంచి శరణు కోరి వచ్చిన కరెన్ జనం బాతుల ఫ్యాక్టరీలో పని చేస్తూ ఊరికి ఊపిరి పోశారు. మనం ఆ వరసలో కొత్తగా చేరినవాళ్ళం, ఎక్కువగా ఆసుపత్రి, అకౌంట్స్, ఐటీ పనుల్లో. ఇంకో చుట్టరికం కూడా ఉంది. విమెరా పొలాల్లో పండే మసూర్ పప్పు, శనగలు ఓడెక్కి ఇండియాకి వెళ్తాయి. 2017 చివర్లో మన ప్రభుత్వం దిగుమతి సుంకం వేస్తే ఇక్కడి రైతులకి టెన్షన్ పట్టుకుంది. "మీవాళ్ళు పప్పు తినడం మానేశారా?" అని హార్షమ్ రైతు ఒకాయన నన్నే నిలదీశాడు.

పని వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి

వీసా, మెడికేర్ (ప్రభుత్వ వైద్య బీమా), సెంటర్‌లింక్ (ప్రభుత్వ ఆర్థిక సాయం) అయితే ఫెడరల్ ఎంపీ ఆఫీసు. ఆసుపత్రి, స్కూలు, పెద్ద రోడ్డు అయితే రాష్ట్ర ఎమ్మెల్యే. చెత్త డబ్బా, వీధి దీపం అయితే కౌన్సిల్, మన మున్సిపాలిటీ లాంటిది. నేను రోడ్డు గుంట గురించి ఎంపీకి పొడుగాటి ఉత్తరం రాసి, మర్యాదగా "ఇది మా పరిధి కాదు" అనిపించుకున్నాను. వీసా గురించి రాసేటప్పుడు ఫైలు నంబరు, తేదీలు, ఒక పేజీ చాలు. వాళ్ళు కనుక్కుని చెప్పగలరు, నిర్ణయం మార్చలేరు.

మిల్డ్యూరా దగ్గర నది మీది వంతెన దాటితే బురోంగా అనే ఊరు, అద్దెలు చూసి చాలామంది అటు మొగ్గుతారు. వంతెన సగం కూడా అక్కర్లేదు, నదే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానిది. అటు వెళ్తే రాష్ట్రం మారుతుంది, డ్రైవింగ్ లైసెన్సు, కారు రిజిస్ట్రేషన్ మారతాయి, ఎంపీ మారతారు, సీటు పేరు ఫారర్ అవుతుంది. 491 (ప్రాంతీయ తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్ళు నామినేట్ చేసిన రాష్ట్రం పెట్టిన షరతు చదివాకే లీజు మీద సంతకం పెట్టండి. అలాగే అడిలైడ్‌లో గుడికి వెళ్ళేటప్పుడు దారిలో, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలోకి వెళ్ళాక, యాంబా దగ్గర తనిఖీ ఉంటుంది. పండ్లు, కూరగాయలు దాటనివ్వరు. కొబ్బరికాయ, పండ్లు అడిలైడ్ వెళ్ళాకే కొనుక్కోండి.

ఓటు పౌరసత్వం వచ్చాకే. అప్పుడు ఇండియా ఓటు పోతుంది, ఇక్కడిది తప్పనిసరి అవుతుంది. ఎగ్గొడితే 20 డాలర్ల జరిమానా, రాష్ట్ర ఎన్నికలకి ఇంకా ఎక్కువ. కౌన్సిల్ విషయంలో మాత్రం ఒక చిన్న సందు ఉంది: సొంతిల్లు కొని, అందులో ఉంటూ రేట్లు (ఇంటి పన్ను) కడుతుంటే, పౌరులు కాకపోయినా కౌన్సిల్ ఓటరు జాబితాలో చేర్చమని అడగొచ్చు.

మొదటిసారి వెళ్ళినప్పుడు పచ్చ కాగితం మీద అన్ని గడులకీ వరస నంబర్లు వెయ్యాలి, ఒక్కటి వదిలినా ఓటు చెల్లకపోవచ్చు. ఈ నంబర్ల పద్ధతి 1918లో వచ్చింది, రైతుల పార్టీ పుట్టి ఓట్లు చీలుతున్నాయన్న భయంతో. తెల్ల కాగితం సెనేట్‌ది, పరుపు మీద దుప్పటంత ఉంటుంది. గీతకి పైన ఆరు గడులు నింపితే చాలు. బయట స్కూలు పిల్లల తల్లిదండ్రులు బ్రెడ్డులో సాసేజ్ పెట్టి అమ్ముతుంటారు. మాంసం తిననివాళ్ళు ఉల్లిపాయలు మాత్రమే వేసి ఇమ్మనొచ్చు. నేను అలాగే అడిగాను. ఒక డాలరు తక్కువ తీసుకుని, ఉల్లిపాయలు రెట్టింపు వేశారు.