నల్లరేగడికీ గుండ్లకూ ఫోర్ బై ఫోర్ బండిని తయారు చేసుకోవడం

నంబర్ ప్లేటు బిగించిన వారానికే చాలామంది బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్ ధర అడుగుతారు. ఎత్తు సంగతి చివర్లో చూసుకోవచ్చు. హైదరాబాద్ నుంచి గంటన్నరలో చేరే నేల ప్రధానంగా రెండు తీర్లు. శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు తగిలే నల్లరేగడి ఒకటి, ఎర్ర చెలకలో లేచిన గ్రానైట్ గుండ్లు రెండోది. ఈ రెండింట్లో బండి బయటపడుతుందా లేదా అన్నది టైర్లు, వాటిలోని గాలి, తాడు తగిలించే కొక్కెం తేలుస్తాయి. డబ్బులు కూడా అదే వరసలో పెట్టాలి.

టైర్లు, గాలి

హైవే టైర్ల మీది గాడులు సన్నగా ఉంటాయి. తడి రేగడి వాటిలో ఇరుక్కుని, టైరు నాలుగు చుట్లు తిరిగేసరికి చెప్పుకు అంటిన జిగురు మట్టిలా మొత్తం కప్పేస్తుంది. ఆపై ఎన్ని చక్రాలు తిరిగినా లాభం లేదు, నున్నటి మట్టి మీద నున్నటి మట్టే జారుతుంది. బురద కోసం చేసిన మడ్ టెరెయిన్ టైరు గాడులు వెడల్పు కాబట్టి, లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే గేర్ల వరస) రెండో గేరులో కాస్త వేగంగా తిప్పితే బురద చిమ్మేసుకుంటుంది. అయితే అదే టైరు తడి తారు మీద బ్రేక్ కొడితే ఎక్కువ దూరం జారుతుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద మోత పెడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. వారమంతా ఆఫీసుకు తిరిగి నెలకోసారి మట్టికి వెళ్లే బండికి, రోడ్డుకూ మట్టికీ మధ్యస్థంగా ఉండే ఆల్ టెరెయిన్ టైరు చాలు. రేగడి బాగా తడిసిన రోజున వేరే దారి చూసుకోవడమే తెలివి.

సైజు పెంచేముందు లెక్క వేసుకోండి. మారుతి జిమ్నీకి వచ్చేది 195/80 ఆర్15, అంటే 693 మిల్లీమీటర్ల వ్యాసం. 235/75 ఆర్15 వేస్తే సుమారు 733 అవుతుంది. పెరిగింది 40, కానీ యాక్సిల్ లేచేది అందులో సగం, 20 మిల్లీమీటర్లే. స్పీడోమీటరు కచ్చితంగా ఉందనుకుంటే, ముల్లు 60 చూపినప్పుడు అసలు వేగం 63 దాటుతుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పి, ఒక చక్రాన్ని రాయి మీదికి ఎక్కించి, టైరు మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్‌కు రాసుకుంటుందేమో షాపులోనే చూడాలి. నేల చదునుగా ఉన్నప్పుడు రాసుకోని టైరు గుంతలో రాసుకుంటుంది.

రోడ్డు మీద డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ చెప్పినంత గాలి ఉంచాలి. కంకర బాటకు 24–26 పీఎస్ఐ, గుండ్ల మీద 18, బురదలో 16–18. గాలి తగ్గితే టైరు నేలను తాకే భాగం పొడవు పెరుగుతుంది, గుండు అంచుకు టైరు ఒదిగి పట్టుకుంటుంది. 12 కంటే దిగితే, మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడి రావచ్చు. పలచటి బురద కింద గట్టి నేల ఉన్నచోట మరీ గాలి తీయొద్దు, సన్నగా ఉన్న టైరే బురదను కోసుకుని కిందికి దిగుతుంది. గాలి తీసిన టైరుతో 30–40 కిలోమీటర్ల వేగం దాటొద్దు. పక్క గోడ పదేపదే మడతపడి లోపల వేడెక్కి పగులుతుంది. మంచి 12 వోల్టుల కంప్రెసర్ 25–30 ఆంపియర్లు లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెడితే ఫ్యూజు పోవడం ఖాయం, క్లిప్పులు నేరుగా బ్యాటరీకి పెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచి కొట్టాలి.

ఇక సర్కారు తుమ్మ. చెరువు కట్టల పక్కన, బీడు భూముల్లో ఎక్కడ చూసినా అదే. ముల్లు దిగినా గాలి పోకపోతే అక్కడే పీకొద్దు, అదే బిరడాలా పనిచేస్తుంది. ఊరికి వచ్చాక తీయించాలి. నేలను తాకే ట్రెడ్‌లో దిగితే ప్లగ్ కిట్‌తో పని అవుతుంది. పక్క గోడలో దిగితే ప్లగ్‌ను నమ్మొద్దు, స్టెప్నీ వేయడమే.

లాగే సరంజామా

ముందు ఒకటి, వెనుక ఒకటి, ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన కొక్కేలు ఉండాలి. కొన్ని బండ్ల కింద కనిపించే సన్నటి రింగులు లారీలో బండిని కట్టడానికి ఇచ్చినవి, లాగడానికి కాదు. ట్రెయిలర్ తగిలించడానికి వెనుక ఉండే ఇనుప గుండుకు తాడు వేయడం ప్రాణం మీదికి తెస్తుంది. అది విరిగితే ఆ గుండు ఎదుటి బండి అద్దంలోంచి దూసుకొస్తుంది. రెండు టన్నుల బండికి 22 మిల్లీమీటర్ల కైనెటిక్ తాడు (లాగినప్పుడు సాగేది), తాడును కొక్కేనికి కలిపే 4.75 టన్నుల బౌ షాకిళ్లు రెండు, పార ఒకటి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క అడుగు చదరం. ప్లైవుడ్ జాకీ కిందికి, అది లేకపోతే రేగడిలో బండి లేవదు, జాకీ దిగిపోతుంది. తాళ్లు, షాకిళ్లు, హోస్ పైపులు రాణీగంజ్‌లో దొరుకుతాయి, షాకిల్ మీద టన్నేజీ అచ్చుపోసి ఉందో లేదో చూసి కొనండి. షాకిల్ పిన్ను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పితే, లాగాక ఇరుక్కుపోదు.

చక్రాలు తిరుగుతూ బండి కదలకపోతే వెంటనే యాక్సిలరేటర్ వదిలేయాలి. అర నిమిషం మొండిగా తొక్కితే యాక్సిల్ నేలను తాకుతుంది, ఆపై గంట తవ్వకం. ముందు వచ్చిన జాడలోనే రివర్స్ ప్రయత్నించండి. కాకపోతే నాలుగు చక్రాల ముందూ మట్టి తీసి, తర్వాతే తాడు. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల మనిషి ఉండొద్దు, వీడియో తీసేవాళ్లతో సహా. ఊరి ట్రాక్టర్ సాయానికి వస్తే సాధారణంగా గొలుసు తెస్తారు. గొలుసుకు సాగే గుణం లేదు. కాబట్టి ముందు బిగువుగా అయ్యేదాకా లాగించి, తర్వాత కుదుపు లేకుండా మెల్లగా లాగమని చెప్పాలి.

మోటారుతో తాడు చుట్టుకుంటూ బండిని లాగే విన్చ్ పెట్టాలంటే, బండి నిండు బరువుకు ఒకటిన్నర రెట్లు లాగేది తీసుకోవాలి. పూర్తి లోడ్‌లో అది 400 ఆంపియర్ల దాకా లాగుతుంది, పాత బ్యాటరీతో రెండో లాగుడుకే చేతులెత్తేస్తుంది. నలుగురు కలిసి వెళ్లేచోట ఒక బండికి ఉంటే చాలు.

నీళ్లు

మూడు తలుపుల మహీంద్రా థార్‌కు కంపెనీ చెప్పిన లోతు 650 మిల్లీమీటర్లు. అది నిలిచిన నీటిలో, నెమ్మదిగా. వాగు పారుతుంటే మోకాలి లోతు కూడా బండిని పక్కకు తోస్తుంది. దిగేముందు కర్రతో నడిచి చూడండి. చెరువు శిఖంలో, అంటే నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేలలో, ఇంకో మోసం ఉంది: పైన పెచ్చు ఎండి పగుళ్లు బారి ఉంటుంది, కింద ఒండ్రు వెన్నలా ఉంటుంది. మడమతో గట్టిగా తొక్కితే చుట్టూ నేల ఊగినట్టు అనిపిస్తే అక్కడ బండి దించొద్దు.

యాక్సిల్ లోపలికి గాలి వచ్చిపోయే సన్న గొట్టం, యాక్సిల్ బ్రీదర్, గురించి ఎవరూ పట్టించుకోరు. పరుగెత్తి వేడెక్కిన డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల డబ్బా) చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది, బ్రీదర్ కూడా నీటిలో ఉంటే దాని నుంచో సీళ్ల నుంచో నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. 8 మిల్లీమీటర్ల ఫ్యూయల్ హోస్‌తో ఆ గొట్టాన్ని బానెట్ కింద పైదాకా తెచ్చి, చివర చిన్న ఫిల్టర్ పెట్టించండి. ఖర్చు తక్కువ, పని గంటన్నర. యాక్సిల్ పూర్తిగా కిందికి జారినప్పుడు కూడా గొట్టం బిగుసుకోనంత వదులు ఉంచాలి.

నీళ్లలో ఇంజన్ ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా అణగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి లాగి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందో లేదో ముందు చూడాలి. తడిస్తే మెకానిక్ దగ్గరికే.

ఫోర్ హై, ఫోర్ లో

ఫోర్ హై అంటే నాలుగు చక్రాలకూ మామూలు గేర్లతో బలం, ఫోర్ లో అంటే అదే లో రేంజ్‌లో, టూ హై అంటే రెండు చక్రాలకే. థార్, జిమ్నీ, ఫోర్స్ గూర్ఖాల్లో ఫోర్ హై వేస్తే ముందు, వెనుక షాఫ్టులు ఒకే వేగంతో తిరిగేలా జతపడతాయి, వాటి వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. మట్టి అయితే టైరు జారి ఆ తేడా తీర్చుకుంటుంది. ఎండిన తారు, సిమెంటు మీద తీర్చుకోలేక ఒత్తిడంతా బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. స్టీరింగ్ బిగుసుకోవడం, టూ హైకి రాకుండా లీవర్ మొరాయించడం ఆ లక్షణాలే. లీవర్ మీద బలం చూపకుండా బండిని తిన్నగా పది అడుగులు వెనక్కి నడిపితే వదులుతుంది. ఫోర్ లో వేయడానికి బండి ఆపి న్యూట్రల్‌లో పెట్టాలి.

ఎత్తు, చట్టం

50 మిల్లీమీటర్ల లిఫ్ట్ వేసినా, జిమ్నీ లాంటి గట్టి యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) బండిలో డిఫరెన్షియల్ ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు, బాడీ మాత్రమే లేస్తుంది. అదనంగా క్యాస్టర్ (స్టీరింగ్‌ను తిన్నగా నిలిపే వాలు కోణం) తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది. ముందు చక్రాలు విడివిడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న థార్‌లో, చక్రానికి బలం అందించే షాఫ్టు కీలు, సీవీ జాయింట్, కోణం పెరిగి రబ్బరు బూటు చిరుగుతుంది. లిఫ్ట్ తప్పదనుకుంటే బ్రేక్ హోస్ పొడవు, హెడ్‌లైట్ కోణం, అలైన్‌మెంట్ సరిచూడకుండా షాపు వదలొద్దు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ రూపకల్పనను మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సవరించిన చట్టంలో ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు ఉంది. బండి ముందు బిగించే ఇనుప కమ్మీలు, బుల్ బార్లపై కేంద్రం 2017 డిసెంబర్‌లోనే నిషేధం చెప్పింది. అనంతగిరి లాంటి రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా దిగడం వేరే కేసు.

వచ్చాక

రేగడి ఎండితే సిమెంటు. మర్నాటికి వదిలేయకుండా అదే సాయంత్రం కడిగించండి. ఛాసిస్ లోపలి పక్కలు, బండి అడుగును కాపాడే స్కిడ్ ప్లేటు పైభాగం, స్ప్రింగుల మధ్య. రేడియేటర్‌కు ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి, మామూలు పైపుతో ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. స్కిడ్ ప్లేటు మీద ఇరుక్కున్న ఎండుగడ్డి తీసేయాలి. బీఎస్6 డీజిల్ బండిలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఆ మసిని కాల్చుకునేటప్పుడు గడ్డి అంటుకునేంత వేడెక్కుతుంది. ఎండాకాలం గడ్డిలో బండి ఆపకపోవడానికీ ఇదే కారణం.

నీళ్లలో దిగివచ్చిన బండికి ఒక పూట ఆగి, డిఫరెన్షియల్ డ్రెయిన్ ప్లగ్‌ను కాస్త వదులు చేయండి. నీరు నూనె కంటే బరువు కాబట్టి ముందు అదే కారుతుంది. నూనె పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే మొత్తం మార్చాలి. డిఫరెన్షియల్‌కు సాధారణంగా జీఎల్-5 రకం గేర్ నూనె. గేర్‌బాక్స్‌కు జీఎల్-4 అని బండి పుస్తకంలో ఉంటే అదే పోయించండి, జీఎల్-5 పోస్తే గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు దెబ్బతినొచ్చు.

షాఫ్టు కీళ్లలోని క్రాసులకు గ్రీజు కొట్టే నిపుల్ ఉంటే, పాత గ్రీజు బురదతో సహా బయటికి వచ్చి శుభ్రమైనది కనిపించేదాకా కొట్టాలి. వెనుక బ్రేక్ డ్రమ్ములు విప్పించి మట్టి దులిపించండి. లోపల ఇసుక ఉంటే రెండు వారాల్లో లైనర్లను గీకేస్తుంది.

రోడ్డెక్కాక 80 దగ్గర స్టీరింగ్ వణికితే వెంటనే అలైన్‌మెంట్ షాపుకు పరుగెత్తొద్దు. రిమ్ము లోపలి వైపు గుప్పెడు మట్టి ఎండి అతుక్కుని ఉంటుంది, పుల్లతో గీకి నీళ్లు కొడితే వణుకు పోతుంది. అప్పుడే చక్రాల నట్లు టార్క్ పానాతో పుస్తకంలోని అంకెకు బిగించండి, చక్రం విప్పి వేసి ఉంటే 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి. వెనుక తలుపు మీది స్టెప్నీ బ్రాకెట్ బోల్టులు కూడా చూడాలి. పెద్ద టైరు వేలాడదీస్తే ఆ తలుపు కీళ్లే ముందు కిందికి జారతాయి.