టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు: వైజాగ్ తీరంలో ఇల్లు చూసుకునే హైదరాబాద్ వాళ్లకు కొన్ని జాగ్రత్తలు

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే వైజాగ్ రైళ్లలో బెర్తు దొరకదు. రుషికొండలో పిల్లలు సర్ఫింగ్ బోర్డు మీద నిలబడటం నేర్చుకుంటారు. సాయంత్రం భీమిలి దాకా కారులో వెళ్లొస్తుంటే దారి పొడవునా వెంచర్ల బోర్డులు. భోగాపురం ఎయిర్‌పోర్టు పక్కనే అంటారు, సీ వ్యూ అంటారు, ఇవాళ బుక్ చేస్తే గజానికి ఇంత తగ్గిస్తామంటారు. ఆ హుషారులోనే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేసి చాలామంది తిరుగు రైలెక్కుతారు. సముద్రం పక్కన బతకాలన్న కోరికలో తప్పేమీ లేదు, నాకూ ఉంది. కానీ హైదరాబాద్‌లో స్థలాలు కొని నేర్చుకున్న తెలివి అక్కడ సగమే పనికొస్తుంది. మిగతా సగం సముద్రాన్ని చూసి తెలుసుకోవాలి. పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలం.

ముందు గీత సంగతి. చెరువు పక్కన స్థలమంటే నిండు చెరువు నీటి హద్దు, అంటే ఎఫ్‌టీఎల్ ఎక్కడ, దాని చుట్టూ వదలాల్సిన బఫర్ ఎంత అని అడగడం 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక మనకు బాగా అలవాటైంది. సముద్రానికి అలాంటి గీత హై టైడ్ లైన్, అంటే పెద్ద పోటు నీళ్లు చేరే హద్దు. అక్కడి నుంచి భూమి వైపు 500 మీటర్ల దాకా తీర నియంత్రణ మండలం, అంటే సీఆర్‌జెడ్ నిబంధనలు వర్తిస్తాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన చోట 50 మీటర్లు, మిగతా చోట్ల 200 మీటర్లు కొత్త కట్టడాలు సాధారణంగా కుదరని నో డెవలప్‌మెంట్ జోన్. ఇళ్లు ఇప్పటికే నిండుగా ఉన్న పట్టణ ప్రాంతంలోనైతే, పాత రోడ్డుకో అనుమతి ఉన్న పాత కట్టడాలకో భూమి వైపునే కొత్త ఇల్లు కట్టాలి. భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలుస్తుంది. అలాంటి చోట పోటు నీళ్లు లోపలికి ఎంత దూరం వెళితే అంత మేరా ఒడ్డున కూడా సీఆర్‌జెడ్ ఉంటుంది. సముద్రం కనిపించడం లేదు కదా అని ధైర్యపడకండి.

ఆ గీత ఎక్కడుందో బ్రోకర్ చెయ్యి చాపి చూపిస్తే నమ్మొద్దు. మీరు వెళ్లిన రోజు అలలు ఆగిన చోటుకీ దానికీ సంబంధం లేదు. ఆమోదం పొందిన తీర నిర్వహణ ప్రణాళిక మ్యాపు మీద మీ సర్వే నంబరు ఎక్కడ పడుతుందో, గుర్తింపు ఉన్న సంస్థతో గుర్తింపజేసి రాతపూర్వకంగా తీసుకోండి. ‘రిజిస్ట్రేషన్ అవుతుంది సార్, లోను కూడా వస్తుంది’ అనే మాట మీకు రక్ష కాదు. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కట్టుకోవడానికి అనుమతి వచ్చినట్టు కాదు. భీమిలి బీచ్‌లో ఇసుకలో లేపిన కాంక్రీటు గోడను 2024లో హైకోర్టు ఆదేశాలతో కార్పొరేషన్ వాళ్లు కూల్చారు. ఇంకో మాట, ఎర్రమట్టి దిబ్బల పక్కన చూపించే లేఅవుట్ల జోలికి అసలు పోవద్దు. వేల ఏళ్ల పాటు గాలీ సముద్రమూ కలిసి పేర్చిన దిబ్బలవి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. చట్టం సంగతి అలా ఉంచి, అక్కడ పునాది తవ్వడానికి మనకు మనసెలా ఒప్పుతుంది?

సముద్రం ఉన్నచోట ఉండదు. కాకినాడ దగ్గర ఉప్పాడలో కళ్లముందే ఇళ్లు, రోడ్డు కోతకు పోయాయి. వైజాగ్‌లో హార్బర్ గోడల వల్ల ఇసుక కదలిక మారి ఆర్కే బీచ్ తరుగుతుంటుంది, పోర్టు వాళ్లు డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకను అక్కడ పోయించాల్సి వస్తోంది. కాబట్టి మీరు చూసే స్థలం ముందున్న ఒడ్డు పదేళ్ల కిందట ఎక్కడుందో గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తీసి పోల్చండి. ఒకసారి అమావాస్యకో పౌర్ణమికో, పోటు సమయంలో వెళ్లి నిలబడండి. ఎత్తైన అలలు, సునామీల హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ మన ప్రగతి నగర్‌లోనే ఉంది, దాని వెబ్‌సైట్‌లో వైజాగ్ తీరం సూచన రోజూ చూసుకోవచ్చు. అన్నిటికన్నా ముందు జాలరిపేటలో పెద్దవాళ్లను అడగండి. ‘తాతా, హుద్‌హుద్ తుపాను అప్పుడు ఇక్కడెలా ఉంది?’ అంటే, ‘సముద్రం రోడ్డు మీదికొచ్చీసింది బాబూ’ అని చెయ్యెత్తి చోటు కూడా చూపిస్తారు. బ్రోషర్‌లో దొరకని సమాచారం అది. స్థలం పక్కన గెడ్డ, అంటే వాగు, పారుతుంటే దాని గురించీ అడగండి. వాన నీళ్లు కొండ మీంచి దిగేది అందులోంచే, దాన్ని పూడ్చి వేసిన లేఅవుట్ ఎంత చవకైనా మునుగుతుంది.

హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వైజాగ్ దగ్గరే తీరం దాటింది, గంటకు 180 కిలోమీటర్ల గాలితో. కరెంటు, నీళ్లు, ఫోన్లు లేక ఊరు రోజుల తరబడి అల్లాడింది. అందుకే ఫ్లాట్ చూసేటప్పుడు పూర్తి అద్దాల గోడలను చూసి మురిసిపోకండి. భవన ప్రమాణాల్లో హైదరాబాద్‌కు డిజైన్ లెక్కలోకి తీసుకునే మౌలిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లైతే విశాఖకు 50. ఇంజినీర్ దేని ప్రకారం డిజైన్ చేశాడో అడగండి.

ఉప్పు గాలి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, హైదరాబాద్ వాళ్లకు ఈ అనుభవం ఉండదు. రుషికొండ వైపు మా చుట్టాల ఫ్లాట్ ఒకటుంది. బాల్కనీ రెయిలింగ్‌కు పైన రంగు నిగనిగలాడుతుంటుంది, వెల్డింగ్ పెట్టిన చోట వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలుతుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రేకులు తెల్లటి పొడిలా మారి, బ్రష్ తగిలితే విరిగిపోతున్నాయి. కిటికీ బందులు బిగుసుకుపోయి తలుపు సగంలో ఆగుతుంది. ఇవన్నీ మార్చుకోవచ్చు. స్లాబులోని ఇనుము తుప్పు పడితేనే కష్టం. ఇనుము ఉబ్బి సిమెంటు పెళ్లలు ఊడిపడతాయి. హైదరాబాద్‌లో తేలికపాటి వాతావరణానికి ఇనుము పైన 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ చాలంటుంది కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456. నేరుగా తీరం గాలి తగిలే చోట 45 మిల్లీమీటర్లు, కనీసం ఎం30 గ్రేడ్ కాంక్రీటు. సముద్రపు తుంపర పడే చోట 50, ఎం35. మన దగ్గర్నుంచి మేస్త్రిని తీసుకెళ్లి కట్టించుకునేవాళ్లు ఈ అంకెలు అగ్రిమెంట్‌లో రాయించాలి. పాత ఫ్లాట్ అయితే సెల్లార్ స్తంభాల అడుగు, పై అంతస్తు సన్‌షేడ్‌ల కింద భాగం టార్చి వేసి చూడండి. సన్నని నిలువు పగుళ్లు, గోధుమ రంగు మరకలు ఉంటే, స్ట్రక్చరల్ ఇంజినీర్ చూసేదాకా డబ్బు ఇవ్వొద్దు. రెయిలింగుల్లాంటి వాటికి స్టెయిన్‌లెస్ స్టీలు కొనేటప్పుడు 304 కాకుండా 316 గ్రేడ్ అడగండి.

బోరు నీళ్లు వేసవిలోనే పరీక్ష చేయించాలి. చుట్టుపక్కల బోర్లు ఎక్కువైతే ఉప్పు నీరు లోపలికి చొచ్చుకొస్తుంది, వానాకాలంలో తియ్యగా తగిలినవి మే నెలకు మారిపోతాయి. నీళ్లలో కరిగిన లవణాల లెక్క, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మేలు, 2,000 దాటితే తాగడానికి పనికిరాదు.

కాగితాల విషయంలో క్లుప్తంగా చెబుతాను, లాయర్‌కు ఎలాగూ చూపిస్తారు. అక్కడ మన తెలంగాణ భూభారతి కాదు, ఆంధ్రప్రదేశ్ మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్ (సాగు రికార్డు), 1బి (యాజమాన్య రికార్డు) చూడాలి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందా, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా, పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలే ఉన్న చుక్కల భూమా అన్నది ముందే తేల్చుకోండి. లేఅవుట్‌కు విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి నంబరు, స్థిరాస్తి నియంత్రణ సంస్థ ఏపీ రెరా నంబరు రెండూ అడగండి. నేవీ స్థలాలకు, ఎయిర్‌పోర్టుకు దగ్గరైతే ఎన్‌ఓసీ కూడా. మనం గుంటల్లో లెక్కేస్తాం, వాళ్లు సెంట్లలో చెబుతారు. గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు. బేరం మధ్యలో ఈ తేడాకి కంగారు పడేవాళ్లు ఉంటారు. రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా బిల్డర్ ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. అనుమతులు రాకముందే అమ్మే ప్రీలాంచ్ పేరుతో మొత్తం డబ్బు ముందే కట్టించుకుంటామంటే అక్కడికక్కడే లేచి వచ్చేయండి. ఆ పేరుతో హైదరాబాద్‌లో ఎంతమంది జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నారో చూశాం కదా.

నెల నెలా గ్యారంటీ అద్దె వస్తుందన్న మాట మీద ఈఎంఐ పెట్టుకోవద్దు. హోమ్‌స్టేకి ఇవ్వొచ్చో లేదో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నిబంధనల్లో చూడండి. నా సలహా అడిగితే, కొనే ముందు ఒక వానాకాలం అక్కడే అద్దెకుండండి. సికింద్రాబాద్ నుంచి వందే భారత్‌లోనూ ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. నెలకు రెండుసార్లు వెళ్లగలరో లేదో, చెమటా బట్టల మీద బూజూ భరించగలరో లేదో అప్పుడే తెలుస్తుంది.

సర్ఫింగ్ కోసమే వెళుతున్న కుర్రాళ్లకు ఒక మాట. వైజాగ్ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదొద్దు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. లైఫ్‌గార్డులు లేనిచోట, ఒంటరిగా దిగొద్దు.

కాంపౌండ్ గోడ కట్టేటప్పుడు మత్స్యకారులు తెప్పలు, వలలు తీసుకెళ్లే దారి మూసేయకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. అది చూసి ‘మా వ్యూ పాడైంది’ అని గొడవపెట్టుకునే వాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ ఒడ్డు వాళ్ల పని చోటు.

ఇక ఇప్పటికే కొన్నవాళ్లు అక్టోబర్ లోపు ఒకసారి వెళ్లిరండి. తుపాను నష్టానికీ పరిహారం వచ్చే భారత్ గృహ రక్ష లాంటి బీమా పాలసీ ఉందో లేదో చూసి, ఇంటి ఫొటోలు తేదీతో తీసి పెట్టుకోండి. టెర్రస్ మీద ట్యాంకు మూతలు, సోలార్ ప్యానెళ్ల బోల్టులు బిగించండి, నీళ్లు దిగే గొట్టాలు శుభ్రం చేయించండి. బాల్కనీలో కుండీలు, కుర్చీలు లోపల పెట్టేయండి. మెయిన్ ఆఫ్ చేసి, గ్యాస్ కట్టేసి, తాళం చెవి ఒకటి అక్కడే ఉండే పక్కింటివాళ్లకు ఇచ్చి, వాళ్ల నంబరుతో పాటు ఎలక్ట్రీషియన్ నంబరు కూడా కాగితం మీద రాసుకుని తెచ్చుకోండి.