గోదావరి డెల్టాలో మోటార్‌హోమ్: కొనడం, నడపడం, కాపాడుకోవడం ఎలా?

మా పెరట్లో ఐదేళ్లుగా ఒక పాత ట్రావెలర్ బండి ఉంది. లోపల మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్, మూలన ఒక మడత బల్ల. అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో దాన్ని ఆపితే మొదట్లో జనం 104 బండి అనుకునేవాళ్లు. బీపీ చూస్తారా అని లోపలికి తొంగి చూసిన పెద్దాయన కూడా ఉన్నాడు.

ఈ ఐదేళ్లలో ఇంజిన్ నన్ను ఇబ్బంది పెట్టింది ఒక్కసారే. నీళ్లు మాత్రం లెక్కలేనన్ని సార్లు పెట్టాయి. పైకప్పు నుంచి కారే నీళ్లు, ట్యాంకులో మోసే నీళ్లు, వాడాక ఎక్కడ పోయాలో తెలియని నీళ్లు, గాలిలో తేమ, చక్రాల కింద నానిపోయిన గట్టు. కొండల్లో, ఎడారుల్లో తిరిగేవాళ్ల వీడియోలు చూసి బండి కట్టించుకుంటే ఇవేవీ వాటిలో కనిపించవు. అందుకే మన వైపు వాళ్ల కోసం, చేయాల్సిన పనులు చేయాల్సిన వరుసలో చెబుతున్నాను.

మొదటి పని: రోడ్డు చూసి బండి ఎంచుకోండి

పెద్ద బస్సు చాసిస్ మీద కట్టిన బండి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద, 216 మీద దానికి ఢోకా లేదు. కానీ మనం చూడాలనుకునేవి ఆ రోడ్ల మీద ఉండవు కదా. రావులపాలెం దగ్గర హైవే దిగి కాలువ గట్టు పట్టుకున్నారంటే ఒక పక్క నీళ్లు, ఒక పక్క కొబ్బరి చెట్లు, ఎదురుగా రోడ్డంతా తనదే అన్నట్టు వచ్చే గడ్డి ట్రాక్టరు. అందుకే నా మాట, ట్రావెలర్ సైజు దాటకండి. కొనేముందు ఒకరోజు మామూలు ట్రావెలర్ అద్దెకు తీసుకుని, మీ ఇంటి సందు నుంచి మీరు ఎక్కువగా వెళ్లే ఊరిదాకా మీరే నడిపి చూడండి. సందు మలుపు తిరగకపోతే అక్కడే తెలిసిపోతుంది, డబ్బులు మిగులుతాయి.

కాగితాల విషయం రెండు ముక్కల్లో చెబుతాను. బండి స్థూల బరువు 7,500 కిలోలు దాటకపోతే అది ఎల్ఎంవీ, అంటే తేలికపాటి మోటారు వాహనం కిందికే వస్తుంది. పాత వ్యాను కొని మోటార్‌హోమ్‌గా మార్పించుకుంటే, సీట్లు పీకి మంచం వేశాక ఆర్సీలో ఉన్న బండి వేరు, రోడ్డు మీద ఉన్న బండి వేరు అవుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అలాంటి మార్పుకు రవాణా శాఖ అనుమతి కావాలి. షెడ్డు వాళ్లు "అదేం పెద్ద పనండీ, తర్వాత చూసుకుందాం" అంటారు. వినకండి. పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్సు వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి.

రెండో పని: కాటా వేయించండి

లీటరు నీళ్లు కిలో బరువు. వంద లీటర్ల ట్యాంకు నింపితే ఒక పెద్ద మనిషి, ఒక చిన్న పిల్లాడు అదనంగా ఎక్కినట్టే. దానికి ప్లైవుడ్, బ్యాటరీలు, సిలిండరు, ఇంట్లోవాళ్లు "ఇదొక్కటీ" అంటూ పెట్టే సామాను కలపండి. మన ఊళ్లలో రైసుమిల్లు లేని దారి ఉండదు కాబట్టి కాటాకు కొదవ లేదు. అన్నీ నింపి, అందరూ కూర్చుని ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఇంకోసారి తూచండి. మొదటిసారి మాది అనుకున్నదానికంటే మూడు క్వింటాళ్లు ఎక్కువ తూగింది. ఆ రాత్రే ఇత్తడి గిన్నెలన్నీ దిగిపోయాయి. బరువైన సామాను కిందా, మధ్యలోనూ ఉండాలి. పై అరల్లో బట్టలు తప్ప ఏమీ పెట్టొద్దు.

టైర్లు బరువుకు తగ్గవేనా అని చూడండి, వయసు కూడా చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. మోటార్‌హోమ్ ఎక్కువ రోజులు నిలబడే ఉంటుంది కాబట్టి టైరు అరగదు, ఎండిపోయి పగుళ్లిస్తుంది. పట్టు ఉంది కదా అని మోసపోకండి.

మూడో పని: పైకప్పు

దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, నా డబ్బులు ఎక్కువగా పోయింది ఇక్కడే కాబట్టి.

ఒకసారి రాజోలు దగ్గర బంధువుల తోటలో బండి ఆపుకుని పడుకున్నాం. రాత్రి రెండున్నరకి నెత్తిన పిడుగు పడ్డట్టు చప్పుడు. దొంగలేమో అని టార్చి వేసి బయటికొస్తే పైనుంచి ఎండు మట్ట వేలాడుతోంది. పైకప్పు మీది గాలి కిటికీ మూత సగానికి చీలింది. పొద్దున్నే మా బావగారు వచ్చి చూసి, "కాయల గెల పడలేదు కదండీ, సంతోషించండి" అన్నారు. మధ్యాహ్నానికి ముసురు పట్టింది. ఆ చిల్లు మీద యూరియా సంచి కట్టుకుని ఇంటికొచ్చాం. కాబట్టి కొబ్బరిచెట్టు నీడ ఎంత చల్లగా ఉన్నా దాని కింద బండి పెట్టకండి. దింపు తీసిన (చెట్టెక్కి కాయలు కోసిన) కొత్తలో కాయల భయం తగ్గుతుందేమో గానీ, మట్టకు దింపుతో పనిలేదు. మామిడి చెట్టో, వేప చెట్టో చూసుకోండి.

కారే చోటు కనిపెట్టడం ఒక పని. నీళ్లు కారే చోటా, నీళ్లు దూరే చోటా ఎప్పుడూ ఒకటి కాదు. పైన అతుకులో దూరిన చుక్క లోపలి ఇనుప కమ్మీ వెంట నడిచి, ఎక్కడో మంచం మీద దిగుతుంది. ఎండ ఉన్న రోజున ఒకరు లోపల టార్చితో ఉండాలి, ఒకరు నిచ్చెనెక్కి మగ్గుతో నీళ్లు పోయాలి. పల్లపు వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కో అతుకు దగ్గర కొన్ని నిమిషాలు ఆగుతూ పైకి పోవాలి. ఒక్కసారిగా బక్కెట్లతో కుమ్మరిస్తే ఎక్కడ దూరిందో తెలియదు. దొరికాక పాత సీలెంటు మీదే కొత్తది పూయొద్దు. పాతదంతా గీకేసి, థిన్నర్‌తో తుడిచి, బాగా ఆరాక పూయండి. బాత్రూముల్లో వాడే మామూలు సిలికాన్ కంటే పీయూ (పాలీయురెథేన్) సీలెంటు నయం, బండి కుదుపులకు సాగుతుంది. ఏటా మే నెలలో, తొలకరి పడకముందే ఈ పని అయిపోవాలి.

లోపలి చెక్క పని చేయించేటప్పుడు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. పరుపు కింద నిండు పలక కాకుండా చెక్కల మధ్య సందులుండేలా వేయించండి. మన తేమకు పరుపు అడుగున నెల తిరక్కుండానే బూజు పడుతుంది.

నాలుగో పని: మంచినీళ్లు, మురికినీళ్లు

సముద్రం దగ్గరికి పోయేకొద్దీ చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ట్యాంకులో పోస్తే పంపు, కుళాయిలు తెల్లగా గార పడతాయి. ట్యాంకు నీళ్లు కడుక్కోడానికి ఉంచుకుని, తాగడానికి వేరే 20 లీటర్ల టిన్ను పెట్టుకోండి. ట్యాంకు సగం నిండి ఉంటే మలుపులో నీళ్లు ఒక పక్కకు కొట్టి బండిని లాగుతాయి. దూరం పోయేటప్పుడు అడుగున కొద్దిగా ఉంచుకుని, దిగాల్సిన ఊళ్లో నింపుకోవడం తేలిక. ఏడాదికి రెండుసార్లు బ్లీచింగు తేట కలిపిన నీళ్లు కొన్ని గంటలు ఉంచి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి.

మురికినీళ్ల దగ్గర మాత్రం నేను మొహమాటం లేకుండా చెబుతాను. కాలువలో వదలకండి. పక్కన కాలువ కనబడగానే పైపు తిప్పేయాలనిపిస్తుంది, ఎవరు చూడొచ్చారు అనిపిస్తుంది. ఆ కాలువ నీళ్లతోనే కింది ఊళ్లు మంచినీళ్ల చెరువులు నింపుకుంటాయి. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ చెరువే వాళ్లకు దిక్కు. గిన్నెలు కడిగిన నీళ్లు ట్యాంకులో పట్టి, ఇంటికొచ్చాక మీ మురుగులో పోసుకోండి. టాయిలెట్‌కు చేత్తో తీసుకెళ్లగలిగే డబ్బా రకం చాలు. చుట్టాలింట్లోనో, అడిగి పెట్రోలు బంకులోనో మరుగుదొడ్లో పోసి నీళ్లు కొట్టాలి. డబ్బాలో ఫినాయిల్ ఎక్కువ పోయకండి, సెప్టిక్ ట్యాంకులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, ఆ ఇంటివాళ్లు మళ్లీ మిమ్మల్ని పిలవరు.

ఐదో పని: కరెంటు, గ్యాసు

ముందు ఏసీ భ్రమ వదిలించుకోండి. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది దాదాపు రెండున్నర యూనిట్లు. ఒక టన్ను ఏసీ ఆగకుండా తిరిగితే గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. లెక్క మీరే వేసుకోండి, తెల్లారేదాకా రాదు. అదే 12 వోల్టుల ఫ్యాను అయితే 30 వాట్లలోపే, రాత్రంతా తిరిగినా బ్యాటరీకి పట్టదు. ఎదురెదురు కిటికీలు, వాటికి మంచి దోమతెరలు ఉంటే చాలావరకు గడిచిపోతుంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా తలుపు తీసి ఉంచారా, ఆ రాత్రి దోమలతోనే. రొయ్యల చెరువుల పక్కన మాత్రం ఆపకండి, ఏరియేటర్లు తెల్లవార్లూ కొడుతూనే ఉంటాయి.

200 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో రోజుకు ముప్పావు యూనిట్ పైన ఇస్తుంది. ముసురులో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. చుట్టాలింటి ప్లగ్గులోంచి కరెంటు తీసుకుంటే ఎర్తింగ్ ఉందో లేదో చూశాకే పెట్టండి, మన బండిలో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, తప్పకుండా ఉండాలి. తడి నేల మీద ఇనుప బండి కదా.

వంటగ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలన పేరుకుంటుంది. అందుకే సిలిండరు పెట్టే అరకు కింది భాగంలో బయటికి గాలి పోయే కన్నం ఉండాలి. బండి కదిలే ముందు రెగ్యులేటర్ ఆపేయండి. తలుపులన్నీ మూసి లోపల వండకండి.

ఆరో పని: నడపడం

డెల్టా అంతా చదును కదా, తేలికే అనుకుంటారు. ఇక్కడి కష్టం ఎత్తుపల్లాల్లో లేదు, వెడల్పులో ఉంది. కాలువ వంతెన ఎక్కీ ఎక్కగానే తొంభై డిగ్రీల మలుపు ఉంటుంది. వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకొస్తాయి. వెనక మిగిలిన బాడీ బయటి పక్కకు ఊగుతుంది. కాబట్టి నేరుగా ఇంకొంచెం ముందుకు పోయి అప్పుడు తిప్పండి, అద్దంలో పిట్టగోడను చూస్తూనే ఉండండి. వెనక్కి తీయాలంటే ఒకరు దిగాల్సిందే. ఆ మనిషి మీ అద్దంలో కనబడాలి, కనబడకపోతే మీరు ఆగిపోవాలి. "రండి రండి" అని ఊరంతా అరుస్తారు, మీరు మాత్రం ఒక్కరి చెయ్యే చూడండి.

బండి ఎత్తు కొలిచి, స్టీరింగ్ పక్కన రాసి అంటించుకోండి. ఊళ్లలో వేలాడే సర్వీసు వైర్లకు అది అవసరం.

కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీద బ్రేకు వేస్తే బండి జారుతుంది. ధాన్యం ఎత్తేశాక కూడా బరకాల అంచున పెట్టిన రాళ్లు అక్కడే ఉంటాయి, చీకట్లో కనబడవు. నేను పొద్దుగూకాక గట్టు రోడ్ల మీద నడపను. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన లాంటి పొడుగు వంతెనల మీద పక్కగాలి ఎత్తు బండిని నెడుతుంది. 40లోకి దిగి, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచండి. కదిలే బండిలో ఎవరినీ మంచం మీద పడుకోనివ్వొద్దు, బెల్టు ఉన్న సీటులోనే కూర్చోవాలి.

నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు (బండ్లను మోసే బల్లకట్టు) ఎక్కించాలని సరదాగా ఉంటుంది. ముందు పంటు వాళ్లకు బండి చూపించండి. వెనక బాడీ పొడుగ్గా ఉంటే ఎక్కేచోట కింద గీసుకుంటుంది, ఆటుపోట్లను బట్టి ఆ వాలు మారుతుంది. వాళ్లు తల అడ్డంగా ఊపితే బతిమాలకుండా చించినాడ వంతెన మీదుగా వెళ్లిపోండి.

గట్టు అంచున ఎదుటి బండికి దారివ్వబోయి చక్రం దిగబడితే ఎక్సిలేటర్ తొక్కకండి, ఇంకా కూరుకుపోతుంది. అందరినీ దించండి. చక్రాల ముందు మట్టి తవ్వి, కొబ్బరి మట్టలు చీల్చి అడ్డంగా పరచండి. గాలి కొంచెం తగ్గించి, రెండో గేరులో మెల్లగా తీయండి. బండి కాలువ వైపు ఒరిగి ఉంటే మాత్రం ఇదేమీ వద్దు, ట్రాక్టరు వచ్చేదాకా ఆగండి.

ఏడో పని: వరద రోజుల్లో

జూలై నుంచి సెప్టెంబరు దాకా లంకల్లో మకాం పెట్టేముందు ధవళేశ్వరం నీటిమట్టం చూసుకోండి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. నా పద్ధతి ఏమిటంటే, మట్టం పెరుగుతోందని వినగానే, మొదటి హెచ్చరిక కోసం కూడా చూడకుండా, ఏటిగట్టు దాటి ఇవతలికి వచ్చేస్తాను. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే ముందు బస్సు పోయిందని మీరు దిగకండి. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునిగితే జనం పడవల్లో తిరగాల్సిందే. బండిని పడవెక్కించలేం కదా.

ఎనిమిదో పని: తిరిగొచ్చాక

అంతర్వేదికో, ఓడలరేవుకో వెళ్లొస్తే మర్నాడే మంచినీళ్లతో బండి అడుగంతా కడిగించండి. పైన మెరిస్తే సరిపోదు, ఉప్పు తినేది చాసిస్‌ని, బ్రేకు పైపుల్ని. బ్యాటరీ టెర్మినళ్లకు వాజ్‌లైన్ పూయండి.

నిలబెట్టినప్పుడు ప్లాస్టిక్ బరకం చుట్టేయకండి, లోపల చెమ్మ పట్టి తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. రేకుల షెడ్డు ఉత్తమం. ఫ్రిజ్ తలుపు, అరల తలుపులు తెరిచే ఉంచండి. ఇంజిన్ పది నిమిషాలు ఊరికే తిప్పి ఆపడం వల్ల ఉపయోగం లేదు, పదిహేను రోజులకొకసారి ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పుకురండి.

ఇక ఎలకలు. నా ఇంజిన్ ఆగిన ఆ ఒక్కసారీ వాటి వల్లే. చేలు కోసేశాక పొలాల్లోంచి వచ్చి వెచ్చగా బానెట్ కింద కాపురం పెట్టి వైర్లు కొరికేశాయి. మెకానిక్ బానెట్ ఎత్తి, పీచు, వడ్లు కలిపి కట్టిన గూడు బయటికి తీసి, "లోపల మీ కాపురం, ఇక్కడ వీటి కాపురం అండి" అన్నాడు. అప్పటి నుంచి ట్రిప్పు అయ్యాక బండిలో ఒక్క బిస్కెట్ ముక్క కూడా ఉంచం. పైపులు దూరే కన్నాలన్నీ సన్నటి ఇనుప జాలీతో మూయించాను. కోతలయ్యాక నెలరోజులు బానెట్ ఎత్తి, కర్రకు ఆనించి ఉంచుతాను. వెలుతురుంటే అవి గూడు పెట్టవు.