రిమోట్ పాడైందా, టీవీ పాడైందా? ఫోన్ కెమెరాతో తేల్చుకోండి

టీవీ రిమోట్ మొరాయిస్తే అందరం చేసేది ఒకటే: అరచేతి మీద రెండు దెబ్బలు వేసి, సెల్లులు తీసి అటూ ఇటూ దొర్లించి, అప్పటికీ కదలకపోతే బజారుకెళ్లి కొత్త రిమోట్ కొంటాం. తీరా కొత్తదీ పనిచేయకపోతే అప్పుడు టీవీ మీద అనుమానం వస్తుంది. ఆ డబ్బు ఖర్చు పెట్టకముందే తప్పు ఎటువైపు ఉందో తేల్చుకోవచ్చు.

ఫోన్‌లో కెమెరా తెరిచి, రిమోట్ ముందు అంచున ఉండే చిన్న ఎల్‌ఈడీని దానికి ఎదురుగా పెట్టి, ఏదో ఒక బటన్ నొక్కి పట్టుకోండి. స్క్రీన్ మీద తెల్లగానో లేత ఊదాగానో మిణుకుమంటే రిమోట్ నుంచి కాంతి వస్తున్నట్టే. మన కంటికి సుమారు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి వరకే కనిపిస్తుంది, రిమోట్లు ఎక్కువగా వాడేది 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనిపించని కాంతి, కెమెరాలోని సిలికాన్ సెన్సర్‌కి మాత్రం అది కూడా తెలుస్తుంది. ఏమీ కనిపించలేదని కంగారుపడకండి, చాలా ఫోన్లలో వెనక కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది కాబట్టి లైటు ఆపేసి సెల్ఫీ కెమెరాతో చూడండి. ముందు ఇంట్లో బాగా పనిచేస్తున్న ఏసీ రిమోట్‌తో ఒకసారి చూసుకుంటే మీ ఫోన్ సంగతి తెలిసిపోతుంది. ఇంకో మాట, ఫైర్ టీవీ స్టిక్ లాంటి వాటి రిమోట్లలో చాలా బటన్లు బ్లూటూత్ మీద నడుస్తాయి, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

అస్సలు వెలగకపోతే కొత్త సెల్లులు వేసి చూడండి. "ఇవే సెల్లులు గోడ గడియారంలో నడుస్తున్నాయిగా" అనొద్దు. గడియారానికి కావాల్సింది చాలా తక్కువ కరెంటు, రిమోట్ ఎల్‌ఈడీ మాత్రం వెలిగిన ఆ కాస్త సేపు గట్టిగా లాగుతుంది, అరిగిపోయిన సెల్లు అక్కడే చేతులెత్తేస్తుంది. స్ప్రింగులకి చిలుము పడితే గీకేయండి. ఒకటి రెండు బటన్లే పనిచేయకపోతే విప్పి, రబ్బరు బటన్ల కింద ఉండే నల్లటి కార్బన్ చుక్కల్నీ బోర్డునీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. శానిటైజర్ వాడకండి, చాలావాటిలో గ్లిజరిన్ ఉండి జిడ్డు మిగులుతుంది.

వెలుగుతోంది, అయినా టీవీ కదలట్లేదు అంటే అసలు కథ టీవీ వైపు చూడాలి. ఎండలోనూ పాత బల్బుల్లోనూ ఇన్‌ఫ్రారెడ్ పుష్కలంగా ఉంటుంది, మరి టీవీ వాటికి స్పందించదేం? రిమోట్ తన కాంతిని ఊరికే వెలిగించదు, సెకనుకు సుమారు 38 వేల సార్లు ఆర్పి వెలిగిస్తుంది, టీవీలోని రిసీవర్ ఆ వేగంతో కొట్టుకునే కాంతినే పట్టించుకుని మిగతాది వదిలేస్తుంది. ఆ మిణుకుల గుంపులు, వాటి మధ్య ఖాళీలు ఎంతసేపు ఉన్నాయన్న దాంట్లోనే సందేశం ఉంటుంది. బాగా వాడుకలో ఉన్న ఎన్‌ఈసీ అనే సంకేత పద్ధతిలో మొదట 9 మిల్లీసెకన్ల కాంతి, 4.5 మిల్లీసెకన్ల చీకటి, తర్వాత చిన్న ఖాళీ వస్తే 0, దానికి మూడు రెట్లు ఉంటే 1. ఇదంతా మీ ఫోన్ కెమెరా చదవలేదు, వెలుగు ఉందా లేదా అనేదే చెబుతుంది. అందుకే వెలిగినంత మాత్రాన అది మీ టీవీకి సరిపోయే రిమోట్ అని కాదు.

రిసీవర్ అంటే మూడు కాళ్లున్న చిన్న భాగం, టీవీ కింద అంచున ముదురు ప్లాస్టిక్ వెనక ఉంటుంది. ముందు దానికి సౌండ్‌బార్ అడ్డుందేమో చూడండి, చాలా ఇళ్లలో జబ్బు ఇదే! కిటికీలోంచి ఎండ నేరుగా దాని మీద పడినా, పక్కనే సీఎఫ్ఎల్ బల్బు ఉన్నా రిసీవర్ తడబడుతుంది. ఇవేవీ కాకపోతే మెకానిక్‌ని పిలవండి, టీవీ లోపల మీరు చేయి పెట్టొద్దు, కరెంటు బోర్డు ప్రమాదం. కాకపోతే బోర్డు మార్చాలి అనగానే తలూపకుండా ముందు ఈ ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) రిసీవర్ చూడమనండి. బాగున్న రిసీవర్‌కి అవుట్‌పుట్ కాలు దగ్గర మామూలుగా వోల్టేజీ నిండుగా ఉండి, రిమోట్ నొక్కినప్పుడు కిందికి పడుతుంది, మల్టీమీటర్‌లో ఆ కదలిక కనిపిస్తుంది. మార్చేటప్పుడు కాళ్ల వరస సరిచూడాలి, కంపెనీని బట్టి అది మారుతుంది.

ఈ పంపేది, పట్టేది జంట ఇంట్లో ఇంకా చాలా చోట్ల ఉంది. కాల్‌లో చెవి దగ్గర పెట్టగానే స్క్రీన్ ఆపేది చాలా ఫోన్లలో ఇదే, టెంపర్డ్ గ్లాస్ వేయించాక చెవి నుంచి తీసినా స్క్రీన్ నల్లగానే ఉంటోందంటే ఆ గ్లాసు కాంతిని వెనక్కి కొడుతున్నట్టే. హోటళ్లలో చేయి పెట్టగానే నీళ్లొచ్చే కుళాయి దానంతటదే కారుతుంటే సెన్సర్ మీది మురికి తుడిచి చూడండి. రాత్రిపూట ఎర్రగా మసగ్గా కనిపించే సీసీ కెమెరాల్లో ఉండేవి సాధారణంగా 850 నానోమీటర్ల ఎల్‌ఈడీలు, 940వి ఆ మాత్రం కూడా కనిపించవు. మెట్ల దగ్గర మనిషి రాగానే లైటు వేసే పీఐఆర్ సెన్సర్ మాత్రం వేరే బాపతు. అది దేన్నీ పంపదు, ఒంటి వేడిలోంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ మార్పుని పట్టుకుంటుందంతే, దాని ముందు ఫోన్ కెమెరా పెట్టి వెలుగు కోసం వెతకడం దండగ.