స్కూటర్ ఇంజిన్ మార్పు: ఆర్టీఏలో దేనికి దరఖాస్తు ఉంది, దేనికి లేదు

మా వీధి చివర మెకానిక్ షెడ్డులో ఏ సాయంత్రం చూసినా ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు స్కూటర్ చుట్టూ చేరి ఉంటారు. వాళ్ల మాటలు ఎటు తిరిగినా చివరికి ఇక్కడికే వస్తాయి. “అన్నా, దీన్ని నూట యాభై సీసీ చేయవచ్చా? చేశాక ఆర్టీఏలో రాయించుకుంటే సరిపోతుందా?” మొదటి ప్రశ్నకు మెకానిక్ వెంటనే చేయవచ్చు అంటాడు. రెండోది వినగానే పానా వెతుక్కునే పనిలో పడతాడు. ఆ రెండో ప్రశ్నకే ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నాను. స్కూటర్ శక్తిని, వేగాన్ని పెంచుకుంటామంటే అనుమతి ఇచ్చే దరఖాస్తు రవాణా శాఖలో లేదు. రుసుము కట్టినా లేదు, ఏజెంటును పట్టుకున్నా లేదు. ఇంజిన్‌కు సంబంధించి మామూలు వాహనదారుడికి తెరిచి ఉన్న దారులు ప్రధానంగా రెండు. పాడైన ఇంజిన్ స్థానంలో అదే రకం ఇంజిన్ వేయించుకోవడం ఒకటి, పెట్రోలు బండిని ఆమోదం పొందిన కిట్‌తో బ్యాటరీ బండిగా మార్చుకోవడం రెండోది. పక్క చక్రాలు బిగించి దివ్యాంగులు నడపడానికి వీలుగా మార్చుకునేందుకు కూడా చట్టం ఒప్పుకుంటుంది కానీ, అది ఇంజిన్ జోలికి వెళ్లని వేరే దరఖాస్తు.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ సారాంశం ఇది: తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ సంగతినే గట్టిగా చెప్పింది. అంతకుముందు రాష్ట్ర నిబంధనలను పట్టుకుని కొన్ని మార్పులను సమర్థించుకునే వీలుండేది. ఆ తీర్పుతో ఆ వాదనకు బలం పోయింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మన ఊళ్లలో ఇప్పటికీ కుప్పలుగా తిరిగే పాత యాక్టివాల్లో చాలావాటి ఆర్‌సీలో ఘన సామర్థ్యం దగ్గర 109.19 సీసీ అని ఉంటుంది. సిలిండర్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 55.6 మిల్లీమీటర్లు. ఆ సిలిండర్‌ను తొలిపించి 54 మిల్లీమీటర్ల పిస్టన్ వేశారనుకోండి, సామర్థ్యం 127 సీసీ దాటుతుంది. కార్డు మీద 109, రోడ్డు మీద 127. చట్టం తప్పు పట్టేది ఈ తేడానే. ‘అయితే కార్డు మీద కూడా 127 అని వేయించుకుంటాను’ అంటే కుదరదు. ఆ మోడల్‌ను 127 సీసీతో కంపెనీ ఎప్పుడూ పరీక్షకు పెట్టలేదు, ఆమోదం పొందలేదు. ఆమోదం లేని అంకెను అధికారి ఎక్కించలేడు.

అరిగిపోయిన సిలిండర్‌కు బోరింగ్ చేయించి అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించడం మాత్రం ఊరూరా జరిగే మరమ్మతు. లెక్క కడితే అక్కడా రెండు సీసీలు పెరుగుతాయి. దాన్ని ఎవరూ శక్తి పెంపుగా చూడరు, దానికి దరఖాస్తు అడగరు. గేర్ల పని చేసే వేరియేటర్‌లో రోలర్ల బరువు మార్చినా ఆర్‌సీలో ఏ గడీ మారదు, కాబట్టి ఆఫీసులో రాయించుకోవాల్సింది ఏమీ ఉండదు. పికప్‌లో కొంచెం తేడా తెలుస్తుందేమో గానీ, బండి వారంటీలో ఉంటే మాత్రం ఇలాంటి పనికి ముందు ఆ పత్రం ఒకసారి చదవండి.

ఇంత పట్టింపు ఎందుకని విసుక్కునేవారికి ఒక లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి 80కి వెళితే బండి మోసే గతిశక్తి దాదాపు 1.8 రెట్లవుతుంది. బ్రేకులు మాత్రం అవే పాత డ్రమ్ములు, చక్రాలు అవే పది అంగుళాలవి. ఇంజిన్‌ను చల్లబరిచేది అదే చిన్న ఫ్యాను. బీఎస్-6 కాలుష్య ప్రమాణంతో వచ్చిన బండ్లలోనైతే ఇంధనం ఎంత చిమ్మాలో లెక్కకట్టే కంప్యూటరు పాత సిలిండర్ కోసం రాసింది. కొత్త పిస్టన్ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

అనుమతి లేని మార్పుకు శిక్ష 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగంలో ఉంది. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాటను గమనించండి. సిలిండర్ ఒకటి, సైలెన్సర్ ఒకటి అయితే లెక్క రెండు. సైలెన్సర్ శబ్దం మీద 190వ సెక్షన్ కింద మరో కేసు పడవచ్చు. మొదటిసారికి 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత అందులో ఉన్నాయి. మోత సైలెన్సర్లను స్వాధీనం చేసుకుని విశాఖలో పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యం చాలామంది చూసే ఉంటారు.

పాడైన ఇంజిన్ మార్చుకునే దరఖాస్తు

ఈ దారి గురించి నాకు తెలిసింది మా ఇంటి అనుభవం వల్లే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా బావమరిది స్కూటర్ సీటు దాకా మునిగింది. నీరు తీసిన మర్నాడు ఆత్రం ఆపుకోలేక సెల్ఫ్ నొక్కాడు. ఎయిర్ ఫిల్టర్ గుండా చేరిన నీరు సిలిండర్‌లోనే ఉంది. నీరు గాలిలా నలగదు కదా, కనెక్టింగ్ రాడ్ వంగింది. ఒక మెకానిక్ పాత సామాన్ల అంగడి నుంచి అదే మోడల్ ఇంజిన్ తెచ్చి బిగించాడు. బండి బాగానే నడిచింది. మరుసటి ఏడాది అమ్మకానికి పెట్టినప్పుడు, కొనే మనిషి క్రాంక్‌కేసు, అంటే ఇంజిన్ నంబరు చెక్కి ఉండే లోహపు పెట్టె, తుడిచి నంబరు చూసి, ఆర్‌సీ చూసి, బండి వదిలి వెళ్లిపోయాడు. “బావా, ఇంజిన్‌కు కూడా కాగితం ఉంటుందని ఎవరూ చెప్పలేదు” అన్నాడు వీడు. నిజమే, ఎవరూ చెప్పరు.

చెప్పాల్సింది ఇది. ఇంజిన్ నంబరు బండి గుర్తింపులో భాగం. నంబరు మారితే, సామర్థ్యం మారకపోయినా, రిజిస్టరింగ్ అధికారి ఆమోదం కావాలి. ముందు అనుమతి, తర్వాత బిగింపు అన్నదే సరైన వరుస. ఏ కారణం చేతనైనా ముందే బిగించేసి ఉంటే, మార్పు జరిగిన 14 రోజుల్లోగా మీరు నివసించే పరిధిలోని అధికారికి తెలియజేసి, ఆర్‌సీ అప్పగించి, రుసుము కట్టాలని 52వ సెక్షనే చెబుతోంది. గడువు ఉంది కదా అని ఆమోదం దానంతట అదే వస్తుందని అనుకోవద్దు.

మొదట సర్వీసు సెంటరులో పాత ఇంజిన్ ఎందుకు పనికిరాదో రాసిన జాబ్ కార్డు తీసుకోండి. ఇంజిన్ మార్చడానికి కారణం చూపే కాగితం అదే. రెండోది, కొత్త ఇంజిన్ బిల్లు. కంపెనీ విడిభాగంగా కొంటే జీఎస్టీ బిల్లు మీద మీ పేరు, బండి నంబరు పడేలా చూసుకోండి. కొత్త క్రాంక్‌కేసు మీద నంబరు లేకుండా వస్తే దాన్ని మీ అంతట మీరు, లేదా సుత్తి చేతిలో ఉన్న ఎవరో ఒకరు కొట్టించకూడదు. ఆఫీసు ఉత్తర్వు వచ్చాకే ఆ పని.

పాత ఇంజిన్ కొంటే కాగితాల పని రెట్టింపవుతుంది. అది ఏ బండిదో, ఆ బండి ఆర్‌సీ ఏమైందో, అమ్మింది ఎవరో రుజువులు కావాలి. దొంగిలించిన బండిది కాదని పోలీసుల నుంచి నిరభ్యంతర పత్రం అడుగుతారు. దొంగ బండ్లు ఇంజిన్‌గా, చాసిస్‌గా విడిపోయి అమ్ముడయ్యే లోకంలో అలా అడగడం న్యాయమే. మా బావమరిది దగ్గర తెల్లకాగితం మీద ‘ఇంజిన్ ఒకటి’ అని రాసిచ్చిన చీటీ తప్ప ఏమీ లేదు. ఆ చీటీతో ఏ కౌంటరూ కదలదు. చివరికి ఆ ఇంజిన్ తీయించి, పాతదానికే కొత్త రాడ్, పిస్టన్ వేయించి బాగు చేయించుకోవాల్సి వచ్చింది. నంబరున్న క్రాంక్‌కేసు పగలకపోతే మొదటే ఆ పని చేయించడం అన్నిటికంటే సులువు. నంబరు మారదు, దరఖాస్తే అక్కర్లేదు.

వీటితోపాటు ఆర్‌సీ, చెల్లుబాటులో ఉన్న బీమా, కాలుష్య పరీక్ష పత్రం, గుర్తింపు, చిరునామా రుజువులు పెట్టుకోండి. బండి మీద అప్పు ఉంటే ఫైనాన్స్ సంస్థ రాతపూర్వక అంగీకారం తప్పనిసరి. చలాన్లు బాకీ ఉంటే ముందే కట్టేయండి, లేకపోతే దరఖాస్తు మధ్యలో ఆగిపోవచ్చు. రవాణా శాఖ పోర్టల్‌లో బండి నంబరు, చాసిస్ నంబరు చివరి అంకెలు ఇచ్చి, సేవల్లో వాహన మార్పు ఎంచుకుని, రుసుము కట్టి స్లాట్ తీసుకోవాలి. రుసుము ఎంతో ఆ తెర మీదే కనిపిస్తుంది. అంతకు మించి ఎవరు అడిగినా రసీదు అడగండి.

స్లాట్ రోజున బండిని తీసుకెళ్లాలి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, అంటే ఎంవీఐ, చూసేది ప్రధానంగా నంబర్లే. పెన్సిల్ ప్రింట్ అడిగితే కంగారు పడకండి. ముందు రోజే క్రాంక్‌కేసు మీద నంబరున్న చోట కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో జిడ్డు తుడిచి ఆరనివ్వండి. దాని మీద పల్చటి కాగితం కదలకుండా అదిమి, పెన్సిల్‌ను పడుకోబెట్టినట్టు పట్టుకుని మెల్లగా రుద్దితే అంకెలు తెల్లగా, చుట్టూ నల్లగా తేలుతాయి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దిన ఆటే ఇది. చాసిస్ నంబరుకు కూడా ఇలాగే. రెండు మూడు ప్రతులు తీసి పెట్టుకుంటే ఒకటి నలిగినా ఇబ్బంది ఉండదు.

పెట్రోలు నుంచి బ్యాటరీకి

వేగం మీద కన్నా పెట్రోలు ఖర్చు మీద దిగులున్నవారికి ఇది పనికొస్తుంది. బ్యాటరీతో సహా వేరే ఇంధనంతో నడిచేలా కిట్ బిగించుకోవడానికి 52వ సెక్షన్ లోనే మినహాయింపు ఉంది. అయితే కిట్‌కు ఏఐఎస్-123 అనే వాహన ప్రమాణం కింద ఆమోదం ఉండాలి. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థలు ఆ ఆమోదం ఇస్తాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆమోదం ఫలానా మోడళ్లకు అని ఉంటుంది. వేరే స్కూటర్‌కు ఆమోదం ఉన్న కిట్ మీ బండికి చెల్లదు. డబ్బు చేతులు మారకముందే ఆ పత్రం నకలు తీసుకుని, అందులో మీ మోడల్ పేరు వేలు పెట్టి చూపించమనండి. ఆన్‌లైన్‌లో దొరికే మోటారు, కంట్రోలర్ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) మూటకు ఈ పత్రం ఉండదు.

కిట్ తయారీదారు అధీకృత కేంద్రంలోనే బిగించాలి. వారిచ్చే బిగింపు ధ్రువపత్రం, కిట్ ఆమోద పత్రం, బిల్లు జతచేసి పైన చెప్పిన పద్ధతిలోనే దరఖాస్తు చేయాలి. తనిఖీ అయ్యాక ఆర్‌సీలో ఇంధనం గడీ మారుతుంది, నంబరు ప్లేటు ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలకు మారుతుంది.

రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చెప్పి అమ్మే చిన్న బ్యాటరీ స్కూటర్లది ఇంకో కథ. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉంటేనే ఆ వెసులుబాటు. కంట్రోలర్‌లో ఒక తీగ తీసేస్తే నలభైకి వెళుతుందని కొందరు అమ్మేవాళ్లే నేర్పిస్తారు. తీగ తీసిన క్షణం నుంచి అది చట్టం దృష్టిలో మోటారు వాహనం. రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా అన్నీ కావాలి. ఆ రూపంలో దానికి ఆమోదం లేదు కాబట్టి రిజిస్ట్రేషన్ దొరకదు. బడి పిల్లలకు కొనిచ్చిన తల్లిదండ్రులు ఒకసారి ఆ తీగ ఉందో లేదో చూసుకోండి.

నిజంగా వేగమే కావాలంటే

దానికి ఆర్టీఏ చిరునామా కాదు. దేశంలో మోటారు క్రీడలను చూసే సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ. పోటీల్లో దిగడానికి లైసెన్సు ఇచ్చేది అదే. మనకు దగ్గర్లో చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలోనూ, కోయంబత్తూరులోనూ రేసు ట్రాకులున్నాయి. అక్కడ ఏ తరగతిలో ఇంజిన్‌కు ఎంత మార్పు చేయవచ్చో పోటీ నిబంధనల పుస్తకమే చెబుతుంది. అలా తయారు చేసిన స్కూటర్‌ను ట్రాక్ దాకా వ్యానులో వేసి తీసుకెళ్లాలి, నడుపుకుంటూ కాదు.

ఆర్‌సీ చేతికొచ్చాక

ఇంజిన్ మార్పు గానీ, బ్యాటరీ మార్పు గానీ ఆమోదం పొంది కొత్త కార్డు వచ్చాక, కవరు చింపగానే ఇంజిన్ నంబరును బండి మీది అంకెలతో ఒక్కో అక్షరంగా సరిపోల్చండి. సున్నాకు బదులు ఓ, ఒకటికి బదులు ఐ పడటం మామూలే. తప్పుంటే ఆ వారమే సవరణకు పెట్టండి, పెన్సిల్ ప్రింట్ మిగిలిన ప్రతి ఇప్పుడు అక్కరకొస్తుంది. తర్వాత కార్డు నకలు బీమా సంస్థకు పంపి, పాలసీలో కూడా కొత్త నంబరు ఎక్కించినట్లు ఎండార్స్‌మెంట్ తీసుకోండి. రెండు కాగితాల మీదా ఒకే నంబరు కనిపించాక పాత ఇంజిన్‌ను తుక్కు కింద అమ్మేయవచ్చు. అమ్మేటప్పుడు మాత్రం చీటీ కాకుండా రసీదు రాయించుకోండి.